తెర తుడిస్తే వరుస ఖాళీ అవుతుందా?

వార్షికోత్సవ సంచిక అనగానే హాస్టల్ జ్ఞాపకాలు, కవితలు, ఉద్యోగాలు సంపాదించిన అన్నల, అక్కల అనుభవాలు గుర్తుకొస్తాయి. వాటి నడుమ సి లాంగ్వేజి గురించి వ్యాసమేమిటని కొందరికి అనిపించవచ్చు. దానికి కారణం ఉంది. మన హాస్టళ్ళలో చదువుకుని పాలిటెక్నిక్, బి.ఎస్సీ. కంప్యూటర్స్, బి.సి.ఏ., బి.టెక్.లలో చేరే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఏటా ఉంటారు. వారిలో కొందరు మొదటి సెమిస్టర్ పూర్తికాకముందే "ప్రోగ్రామింగ్ మన వల్ల అయ్యే పని కాదు" అనే నిర్ణయానికి వచ్చేస్తారు. లెక్కల్లో వెనుకబడినవారూ కారు, బద్ధకస్థులూ కారు. అయినా ఆ మాట ఎందుకంటున్నారని అడిగితే చాలాసార్లు ఒకే జవాబు వస్తుంది: "అన్నా, అన్నీ కరెక్టుగానే రాశాను. అది అడగాల్సింది అడగకుండానే దాటిపోతోంది."

ఈ దాటిపోవడం ఏమిటి? తెర తుడిచినా అది ఎందుకు పోదు? దీన్ని కారణంతో సహా నేర్పకుండా ఒక చిట్కాగా చేతిలో పెట్టి పంపడం వల్ల మన పిల్లలకు ఎంత నష్టం జరుగుతోంది? ఈ మూడు ప్రశ్నల మీద నా అభిప్రాయం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. కంప్యూటర్ ముట్టుకోని టెన్త్, ఇంటర్ విద్యార్థులకు కూడా అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

అడగకుండా దాటిపోయే ప్రశ్న

ఒక చిన్న ప్రోగ్రాము ఊహించుకోండి. అది మొదట "మీ వయసు ఎంత?" అని అడగాలి. తర్వాత "ఇంకొకరి వివరాలు ఇవ్వాలా? వై లేక ఎన్ నొక్కండి" అని అడగాలి. వయసు సంఖ్య కాబట్టి స్కాన్‌ఎఫ్ అనే ఆజ్ఞలో '%డి' అని రాస్తాం. రెండోది ఒక్క అక్షరం కాబట్టి '%సి' అని రాస్తాం. పుస్తకంలో ఉన్నది అంతే.

నడిపిస్తే ఏమవుతుంది? వయసు అడుగుతుంది. 19 అని కొట్టి ఎంటర్ నొక్కుతాం. రెండో ప్రశ్న తెర మీద పడుతుంది గానీ మన జవాబు కోసం ఆగదు. వై అనకముందే, ఎన్ అనకముందే ప్రోగ్రాము ముగిసిపోతుంది. కుర్రవాడు తెల్లబోతాడు. సెమికోలన్లు మళ్ళీ లెక్కపెడతాడు. ఆజ్ఞలన్నీ సరిగానే ఉన్నాయి, కంపైలర్ ఒక్క తప్పూ చూపదు. తప్పు కనబడకపోయేసరికి తప్పు తనలోనే ఉందనుకుంటాడు.

కారణం ఎంత చిన్నదో చూడండి. మనం 19 కొట్టి ఎంటర్ నొక్కినప్పుడు ప్రోగ్రాముకు చేరింది రెండు అక్షరాలు కాదు, మూడు: ఒకటి, తొమ్మిది, ఎంటర్. సి దృష్టిలో ఎంటర్ కూడా ఒక అక్షరమే. దానికి ఆస్కీ పట్టికలో 10 అనే సంఖ్య ఉంది. ఈ మూడూ ఒక వరుసలో నిలబడతాయి. ఆ వరుసనే బఫర్ అంటారు. '%డి' వచ్చి అంకెలు ఏరుకుంటుంది. ఒకటి తీసుకుంటుంది, తొమ్మిది తీసుకుంటుంది, ఎంటర్ కనబడగానే "ఇది అంకె కాదు, నాకు సంబంధం లేదు" అని ఆగిపోతుంది. దాన్ని పారవేయదు, వరుసలోనే వదిలేస్తుంది. తర్వాత '%సి' వస్తుంది. దానికి కావలసింది ఏదో ఒక అక్షరం. వరుసలో ఎంటర్ సిద్ధంగా ఉంది కాబట్టి దాన్నే తీసుకుని తన పని అయిపోయిందంటుంది. మన జవాబు కోసం ఎదురుచూడవలసిన అవసరం దానికి రాలేదు.

మెస్‌లో వడ్డించే కిటికీ దగ్గర క్యూ ఉంటుంది కదా. మొదటి కిటికీలో అన్నం వడ్డించే ఆయన పళ్ళెం ఉన్నవాళ్ళకే వడ్డిస్తానన్నాడనుకోండి. ఇద్దరికి వడ్డించాడు. మూడోవాడి చేతిలో పళ్ళెం లేదు. వడ్డించడం ఆపాడు గానీ వాణ్ణి వెళ్ళగొట్టలేదు. ఇంతలో రెండో కిటికీ తెరిచారు. అక్కడ మొదట నిలబడేది ఎవడు? ఆ మూడోవాడే. ఎంటర్ పరిస్థితి కూడా అంతే.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. రెండు సంఖ్యలు ఒకదాని వెంట ఒకటి అడిగితే ఈ ఇబ్బంది రాదు. ఎందుకంటే '%డి' తన పని మొదలుపెట్టేముందు దారిలో ఉన్న ఖాళీలను, ఎంటర్లను తనే పక్కకు తోసేస్తుంది. '%సి' అలా తొయ్యదు, దానికి ఖాళీ కూడా అక్షరమే. అందుకే కూడికలు, సరాసరులు, పెద్ద సంఖ్య కనుక్కోవడం వంటి ప్రోగ్రాములతో మొదటి రెండు మూడు వారాలు హాయిగా గడిచిపోతాయి. మొదటిసారి అక్షరం అడిగిన రోజున కొంప మునుగుతుంది. మొన్నటిదాకా పనిచేసిన ఆజ్ఞ ఇవాళ ఎందుకు పనిచేయదో తెలియకపోతే మనసు కుంగదా?

నమ్మకం కుదరనివారు ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చు. '%సి' తీసుకున్న అక్షరాన్ని ప్రింట్ఎఫ్ లో '%డి' పెట్టి ముద్రించండి. తెర మీద 10 అని వస్తుంది. దొంగ దొరికినట్టే.

తెర తుడవడం అనే భ్రమ

మన ల్యాబుల్లో ఏళ్ళ తరబడి చలామణి అయినది టర్బో సి. బోర్లాండ్ కంపెనీ దాన్ని 1987లో విడుదల చేసింది. డాస్ కాలపు సాధనం. కొత్త విండోస్ మీద నేరుగా నడవక డాస్‌బాక్స్ వంటి దానిలో పెట్టి నడిపించారు. అందులో కోనియో అనే హెడర్ ఫైలు ఉంది. తెర తుడిచే క్లియర్‌స్క్రీన్ ఆజ్ఞ, ఒక్క మీట కోసం ఆగే గెట్‌సిహెచ్ ఆజ్ఞ అందులోవే. మన రికార్డు పుస్తకాల్లో ప్రతి ప్రోగ్రాము మొదట క్లియర్‌స్క్రీన్, చివర గెట్‌సిహెచ్ పెట్టడం ఆచారమైపోయింది. పూజకు ముందు పసుపు గణపతిని పెట్టినంత నియమంగా పెడతారు.

ఆ ఆచారానికి ఒకప్పుడు కారణం ఉంది. టర్బో సిలో పాత ప్రోగ్రాము ఫలితం తెర మీద అలాగే నిలిచి, కొత్తదానితో కలిసిపోయేది. అందుకు మొదట తుడిచేవారు. ప్రోగ్రాము ముగియగానే తెర మళ్ళీ ఎడిటర్‌కు వెళ్ళిపోయి ఫలితం కనబడేది కాదు. అందుకు చివర ఒక మీట కోసం ఆపేవారు. ఆల్ట్, ఎఫ్5 మీటలు కలిపి నొక్కితే ఆ ఫలితం చూడవచ్చని చాలామందికి ఎవరూ చెప్పలేదు. కారణం మరుగున పడి ఆచారం మిగిలింది.

ఇప్పుడు మన కుర్రవాడి దగ్గరకు వద్దాం. ప్రశ్న దాటిపోతోంది కాబట్టి లోపల ఏదో చెత్త మిగిలి ఉందని అతనికి అనుమానం వస్తుంది. ఆ అనుమానం సరైనదే! కానీ శుభ్రం చేయడం అనగానే అతనికి తెలిసింది క్లియర్‌స్క్రీన్ ఒక్కటే. రెండు ప్రశ్నల మధ్య దాన్ని పెడతాడు. తెర తళతళలాడుతుంది, ప్రశ్న మాత్రం మళ్ళీ దాటిపోతుంది. పైగా మొదట ఇచ్చిన వయసు కూడా చెరిగిపోయి, ఏం జరిగిందో చూసుకునే ఆధారం పోతుంది.

తెర వేరు, వరుస వేరు. తెర అనేది బయటికి వెళ్ళినవి కనబడే చోటు. వరుస అనేది లోపలికి రావలసినవి నిలబడే చోటు. నల్లబల్ల మీద రాసింది డస్టరుతో తుడిస్తే, తలుపు బయట నిలబడ్డ విద్యార్థులు ఇంటికి వెళ్ళిపోరు కదా!

అసలు సి భాషకు తెర అంటే ఏమిటో తెలియదు. డెనిస్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో 1970ల మొదట్లో సిని తయారుచేసినప్పుడు వాళ్ళు వాడిన పరికరాల్లో టెలిటైప్ యంత్రాలు ఉన్నాయి. అవి జవాబును కాగితం మీద టకటకా కొట్టి ఇచ్చేవి. కాగితం మీద అచ్చయినదాన్ని తుడవడం ఎక్కడిది? సి ప్రామాణికంలో లోపలికి వచ్చేదీ అక్షరాల ప్రవాహమే, బయటికి పోయేదీ అక్షరాల ప్రవాహమే. తెర తుడిచే ఆజ్ఞ అందులో నేటికీ లేదు. క్లియర్‌స్క్రీన్ అనేది టర్బో సి వంటివి తమ సొంతంగా చేర్చుకున్న సదుపాయం.

అందుకే ల్యాబులో నడిచిన ప్రోగ్రామును లైనక్స్‌లో జిసిసితోనో, ఫోనులోని కంపైలర్‌తోనో నడిపితే కోనియో ఫైలు లేదని మొరాయిస్తుంది. దానికి బదులు సిస్టమ్ అనే ఆజ్ఞతో విండోస్‌లో 'సిఎల్ఎస్' అని, లైనక్స్‌లో 'క్లియర్' అని పంపుతారు. ఇక్కడా ఒక విచిత్రం ఎదురవుతుంది. లైనక్స్‌లో ఒక వాక్యాన్ని కొత్త పంక్తి గుర్తు లేకుండా ప్రింట్ఎఫ్ చేసి, వెంటనే 'క్లియర్' పంపితే, చెరిగిపోవలసిన వాక్యం తెర తుడిచాక కనబడుతుంది. బయటికి వెళ్ళేవాటికి కూడా ఒక వరుస ఉంది. వాక్యం ఇంకా ఆ వరుసలో ఉండగానే 'క్లియర్' వేరే దారిన వెళ్ళి తెర తుడిచేసి వచ్చింది. తుడిచాక వాక్యం తీరిగ్గా బయటికొచ్చింది. తుడిచేముందు ఎఫ్‌ఫ్లష్ అనే ఆజ్ఞతో బయటికెళ్ళే వరుసను, అంటే స్టాండర్డ్ అవుట్‌ను, పంపించేస్తే క్రమం సరిపోతుంది. ఎఫ్‌ఫ్లష్ పుట్టింది ఇటువంటి పనికే.

మంత్రం ఒకచోట ఫలిస్తుంది, ఇంకోచోట ఫలించదు

ఆ ఎఫ్‌ఫ్లష్‌నే మనవాళ్ళు వేరే పనికి వాడుతున్నారు. ప్రశ్న దాటిపోతోందని సీనియర్‌ను అడగండి, "స్కాన్‌ఎఫ్ తర్వాత ఎఫ్‌ఫ్లష్ స్టాండర్డ్ ఇన్ అని రాయరా, పోతుంది" అంటాడు. ఎందుకు పోతుందని అడిగితే "రాయమంటే రాయి" అంటాడు. ఆయనకు కూడా అంతకు ముందు బ్యాచ్ సీనియర్ అలాగే చెప్పాడు.

టర్బో సిలో అది ఫలించేది. విండోస్ మీద మైక్రోసాఫ్ట్ కంపైలర్లలో కూడా చాలాకాలం ఫలించింది. కానీ సి ప్రామాణికం ఎఫ్‌ఫ్లష్‌ను బయటికి పోయే ప్రవాహాలకే నిర్వచించింది. లోపలికి వచ్చేదాని మీద వాడితే ఏమవుతుందో అది చెప్పదు. విజువల్ స్టూడియో 2015 నుంచి మైక్రోసాఫ్ట్ కూడా దాని ప్రభావాన్ని తీసేసింది. లైనక్స్‌లో కీబోర్డు నుంచి వచ్చే అక్షరాల మీద దాన్ని నమ్ముకోవడానికి వీల్లేదు. అంటే కాలేజీలో నడిచిన ప్రోగ్రాము ఇంటర్వ్యూలో ఇచ్చిన కంప్యూటర్ మీద నడవకపోవచ్చు. అప్పుడు మన పిల్లవాడి చేతిలో మంత్రం ఉంటుంది, మందు ఉండదు.

మందులు కష్టమైనవేం కావు. మొదటిది, '%సి'కి ముందు కొటేషన్ లోపల ఒక ఖాళీ వదలడం. ఆ ఒక్క ఖాళీ "ముందున్న ఖాళీలను, ఎంటర్లను దాటి రా" అని చెబుతుంది. రెండోది, గెట్‌చార్‌తో ఎంటర్ వచ్చేదాకా, లేదా ఇన్‌పుట్ అయిపోయేదాకా, ఒక్కో అక్షరం చదివి పారవేయడం. మూడోది, అన్నిటికన్నా పద్ధతైనది: ఎఫ్‌గెట్స్‌తో పంక్తి మొత్తం ఎంటర్‌తో సహా ఒకేసారి తీసుకుని, అందులోంచి ఎస్‌స్కాన్‌ఎఫ్‌తో కావలసింది ఏరుకోవడం. పంక్తి మనం ఇచ్చిన చోటులో పట్టినంతకాలం వరుసలో ఏదీ మిగలదు.

వయసు అడిగినచోట ఎవరైనా అక్షరాలు కొడితే? '%డి' ఆ అక్షరాన్ని ముట్టుకోదు. అది వరుసలో మొదటే నిలబడి ఉంటుంది. మళ్ళీ అడిగేలా లూప్ రాసి ఉంటే, మళ్ళీ అదే అక్షరం, మళ్ళీ అదే తిరస్కారం. తెర మీద ప్రశ్న ఆగకుండా పరుగులు పెడుతుంది. స్కాన్‌ఎఫ్ ఎన్ని విలువలు చదవగలిగిందో ఒక సంఖ్య తిరిగి ఇస్తుంది. దాన్ని చూసుకుంటే ఈ గండం ముందే పట్టుబడుతుంది. పాపం, అది ప్రతిసారీ చెబుతూనే ఉంది. వినే అలవాటు మనకు ఎవరూ చేయలేదు.

ఇన్‌పుట్‌ను నిర్లక్ష్యం చేస్తే ఎంతదాకా పోతుందో చరిత్రలో ఉంది. గెట్స్ అనే ఆజ్ఞ ఎంత పొడవు పంక్తి వచ్చినా చోటు ఉందో లేదో చూడకుండా నింపేస్తుంది. 1988 నవంబరులో ఇంటర్నెట్‌ను కుదిపేసిన మోరిస్ వార్మ్ చొరబడిన దారుల్లో ఈ గెట్స్ వాడిన ఒక ప్రోగ్రాము కూడా ఉంది. చివరికి 2011 నాటి సి ప్రామాణికం గెట్స్‌ను పూర్తిగా తొలగించింది. అలాంటి ఆజ్ఞను రికార్డులో రాయించే ల్యాబ్ మాన్యువల్ ఎక్కడైనా ఇంకా ఉంటే దాన్ని మార్చాలనడంలో రెండో మాట ఉండకూడదు.

మనకే ఎందుకు ఎక్కువ అవసరం

"ల్యాబ్ పరీక్షలో అవుట్‌పుట్ వస్తే మార్కులు వేస్తారు, కారణాలెందుకు?" అని కొందరంటారు. మార్కుల విలువ నాకు తెలుసు. స్కాలర్‌షిప్ మీద చదివే మనకు ఒక్క సబ్జెక్టు పోయినా ఎంత ఇబ్బందో ఎవరూ చెప్పనక్కరలేదు. కానీ చిట్కా బట్టీపట్టినవాడికి ప్రశ్న కొంచెం మారితే చాలు, మార్కులూ పోతాయి. కారణం తెలిసినవాడు మారిన ప్రశ్నను కూడా ఎదుర్కొంటాడు.

"ఇప్పుడంతా పైథాన్, జావా కదా" అని మరికొందరంటారు. జావాలో స్కానర్‌తో నెక్స్ట్‌ఇంట్ తర్వాత నెక్స్ట్‌లైన్ పెట్టి చూడండి, ఖాళీ పంక్తి చేతికొస్తుంది. అక్కడ మిగిలిపోయినదీ ఆ ఎంటరే. పైథాన్‌లో ఇన్‌పుట్ ఆజ్ఞ పంక్తి మొత్తం తీసుకుంటుంది కాబట్టి ఈ చిక్కు రాదు. కానీ అది ఇచ్చేది సంఖ్య కాదు, అక్షరాల వరుస. 5, 3 ఇచ్చి అలాగే కూడితే 53 వస్తుంది. భాష మారినా అడగవలసిన ప్రశ్న ఒకటే: నేను ఏమిచ్చాను, అది ఏం తీసుకుంది? ఈ రోజుల్లో ప్రోగ్రాము రాసిపెట్టే కృత్రిమ మేధ సాధనాలు కూడా వచ్చాయి. అవి రాసినది సరైనదో కాదో చెప్పగలిగే తెలివి మాత్రం మనకే ఉండాలి.

ఇంట్లో సొంత కంప్యూటర్ ఉన్న పిల్లవాడు ఒక రాత్రిలో నలభైసార్లు నడిపించి చూసుకుంటాడు. తడుముతూ తడుముతూ దారి కనుక్కుంటాడు. మనలో చాలామందికి దొరికేది వారానికి ఒకటి రెండు ల్యాబ్ పీరియడ్లు, అందులోనూ ఒక సిస్టమ్ దగ్గర ఇద్దరు ముగ్గురు. నలభైసార్లు తడుముకునే సమయం మనకు లేదు. అందువల్ల కారణం తెలిసి ఉండడం మనకు విలాసం కాదు, పొదుపు. తెలుగు మీడియం నుంచి వెళ్ళిన పిల్లలకు ఇంకో భయం కూడా ఉంటుంది. ఏదైనా నడవకపోతే ఇంగ్లీషు రాకపోవడం వల్లేనేమో అనుకుంటారు. వరుసలో మిగిలిన ఎంటర్‌కు ఇంగ్లీషుతో పనిలేదు. కార్పొరేట్ స్కూలు నుంచి వచ్చినవాడి ప్రోగ్రామూ అక్కడే దాటిపోతుంది. ఈ ఒక్క మాట సకాలంలో చెప్పగలిగితే కొందరు మధ్యలో మానేయకుండా ఆగుతారని నా నమ్మకం.

చేయదగిన పనులు

పూర్వ విద్యార్థులకు నా మనవి ఇది. తమ్ముడో చెల్లెలో ఫోను చేసి "ప్రోగ్రాము దాటిపోతోంది" అంటే సరిచేసిన లైను వాట్సాప్‌లో పంపి ఊరుకోకండి. మూడు ప్రశ్నలు అడగండి: ఏయే మీటలు నొక్కావు? వాటిలో ప్రోగ్రాము ఏవి తీసుకుంది? ఇంకా ఏం మిగిలింది? మూడో ప్రశ్నకు జవాబు చెప్పేసరికి వాళ్ళకే కారణం తెలిసిపోతుంది.

హాస్టల్లో ఉన్నవారికి ఇంకో మాట. దీనికి కంప్యూటర్ కూడా అక్కరలేదు. స్టడీ అవర్‌లో నోటు పుస్తకంలో గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం రాసి, ఎంటర్‌కు కూడా ఒక గడి ఇచ్చి, ప్రతి ఆజ్ఞ ఏ గడి కొట్టేస్తుందో గుర్తుపెట్టుకుంటూ పోండి. ల్యాబుకు వెళ్ళేసరికి సగం పని అయిపోతుంది. మన గ్రంథాలయంలో ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టుకుంటే ఇంకా మంచిది. ఎవరికి ఏ చిక్కు వచ్చిందో, కారణమేమిటో, నిజమని ఎలా తేల్చుకున్నారో తెలుగులోనే రాసి పెట్టాలి. వచ్చే బ్యాచ్ పిల్లలకు అంతకన్నా మంచి గైడు బజారులో దొరకదు.

అధ్యాపకులకు కూడా ఒక విన్నపం. మొదటి ప్రోగ్రాములోనే క్లియర్‌స్క్రీన్ రాయించేటప్పుడు అది సి భాషలో భాగం కాదని ఒక్క వాక్యం చెప్పండి. మొదటిసారి '%సి' పరిచయం చేసే రోజున ఆ ప్రశ్న దాటిపోవడాన్ని మీరే తరగతిలో చేసి చూపించండి. అందరి ముందు జరిగితే అది పాఠమవుతుంది. ఒంటరిగా ల్యాబులో జరిగితే అది పిల్లవాడికి అవమానంలా తోస్తుంది.

ఈ ఏడాది కొత్తగా కాలేజీల్లో చేరిన మన హాస్టల్ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు శుభాకాంక్షలు. మీ ప్రోగ్రాము ఎప్పుడైనా మిమ్మల్ని అడగకుండా దాటిపోతే తెర తుడవకండి, మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. వరుసలో ఎవరు నిలబడి ఉన్నారో చూడండి.

— ఒక పూర్వ విద్యార్థి